పాజిటివ్ వచ్చిన పిల్లితో కాపురం

కాకినాడ నుంచి రాసిన చెల్లీ, నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ అంతా పిల్లి, రెండో పేజీ అంతా అత్తగారు. చివర్లో ‘ఇప్పుడు నన్నేం చెయ్యమంటావక్కా’ అని ఒక్క ముక్క. పిల్లికి రక్తపరీక్షలో ఫీలైన్ ల్యూకేమియా పాజిటివ్ అని వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదన్నావు. ఆడపడుచు పురిటికి రాబోతోంది. పక్కింటావిడ వచ్చి ‘అదేదో బ్లడ్ కేన్సరటగా, అంటుకుంటుందటగా’ అని అగ్గి రాజేసి చక్కా పోయింది. ఇవన్నీ ఒక్కసారే మీద పడితే ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. ఈ నెల ముచ్చట్లు నీకే. మిగతావాళ్ళు కూడా ఇలా వచ్చి కూర్చోండి. మీ ఇంట్లో పిల్లి లేకపోతే పక్కింటి గోడ మీద ఉండే ఉంటుంది.

ముందు మీ అత్తయ్యగారి సంగతి తేల్చేద్దాం. ఆవిడ మనసు కుదుటపడితే గానీ పిల్లికి ఇంట్లో చోటుండదు. ఈ వైరస్ పిల్లులకే వస్తుంది. మనుషులకు రాదు. కుక్కకు రాదు, చంటిపిల్లకు రాదు, కడుపుతో ఉన్న మనిషికీ రాదు. దీన్ని కనిపెట్టి అరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో పిల్లి నుంచి మనిషికి సోకిందనడానికి ఆధారం ఒక్కటీ దొరకలేదు. పిల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు, అది నాకితే చెయ్యి కడుక్కుంటే సరిపోతుంది.

అయితే ఆవిడ భయాన్ని మొత్తంగా కొట్టిపారెయ్యకు, అందులో కొంత నిజముంది. టాక్సోప్లాస్మా అని వేరే క్రిమి ఉంది. ల్యూకేమియా ఉన్నా లేకపోయినా ఏ పిల్లి విరేచనంలోనైనా అది ఉండవచ్చు, గర్భిణులకు మంచిది కాదు. బయటపడ్డాక అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకని లిట్టర్ ట్రే ఏ రోజుకారోజు శుభ్రం చెయ్యాలి. ఆ పని నువ్వో మీ ఆయనో చెయ్యాలి, ఆడపడుచు దాని జోలికి పోకూడదు. పిల్లికి పచ్చి మాంసం పెట్టకూడదు. ఈ మాట చెప్పించడానికి నేనైతే అత్తయ్యగారిని కూడా డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళేదాన్ని. కోడలు చెబితే ఎదురుచెప్పినట్టు, అదే డాక్టరు చెబితే సలహా. మన ఇళ్ళలో ఇది ఎప్పుడూ ఉన్నదే.

ఇక జబ్బు సంగతి. 1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం జారెట్ అనే పశువైద్య శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఈ వైరస్‌ను బయటపెట్టారు. చాలా పిల్లులున్న ఒక ఇంట్లో వరసగా లింఫోమా, అంటే గడ్డల కేన్సర్, వస్తోందని అక్కడి పశువుల డాక్టరు ఒకాయన గమనించి వాళ్ళకు చెప్పాడు. ఒకే కప్పు కింద ఇన్ని కేసులేమిటని తవ్వుకుంటూ పోతే వైరస్ దొరికింది. ఇది రెట్రోవైరస్ జాతి. హెచ్ఐవీ కూడా ఆ జాతిదే, కాకపోతే అది చాలా ఏళ్ళ తర్వాత బయటపడింది. ఈ జాతి వైరస్ కణంలోకి దూరి తన జన్యువును పిల్లి జన్యువులోనే కలిపేస్తుంది. అందుకే దాన్ని ఒంట్లోంచి పూర్తిగా తుడిచేసే మందు ఇప్పటికీ లేదు.

పేరు వినగానే రక్త కేన్సర్ ఖాయమనుకుని రాత్రంతా ఏడ్చానన్నావు. కాదమ్మా. చాలా పిల్లుల్లో కనిపించేది రక్తహీనత, పదే పదే వచ్చే జ్వరం, చిగుళ్ళ వాపు, తగ్గని జలుబు. ఎముకల్లోని మూలుగ దెబ్బతిని కొత్త రక్తం సరిగా తయారు కాదు. తట్టుకునే శక్తి తగ్గి, వేరే పిల్లికి నాలుగు రోజుల్లో తగ్గిపోయే ఇన్ఫెక్షను దీనికి ముదురుతుంది. కేన్సర్ కొన్నింటికి వస్తుంది, వస్తే గట్టిగానే వస్తుంది. పాజిటివ్ అన్న ప్రతి పిల్లికీ మాత్రం రాదు.

పైగా ఇప్పటికి నీ చేతిలో ఉన్నది ఒక్క కిట్టు టెస్టు. చుక్క రక్తం వేస్తే పది నిమిషాల్లో గీత పడే రకం. వైరస్ తాలూకు పి27 అనే ప్రోటీన్ కోసం అది వెతుకుతుంది. మంచి టెస్టే. కానీ శుభ్రంగా తిని తిరుగుతున్న పిల్లికి పాజిటివ్ వచ్చినప్పుడు రెండో పరీక్షతో రూఢి చేసుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. పీసీఆర్ అని ఉంటుంది, కోవిడ్ పుణ్యమా అని ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. రక్తం ల్యాబుకు పంపిస్తారు.

ఇంకో సంగతి, వైరస్ ఒంట్లోకి వెళ్ళిన అన్ని పిల్లుల్లోనూ కథ ఒకేలా నడవదు. కొన్ని మొదట్లోనే దాన్ని తరిమేస్తాయి. కొన్నింటిలో అది రక్తంలో కనిపించకుండా పోయి మూలుగలో పడుకుంటుంది. అలాంటి పిల్లులు సాధారణంగా పక్క పిల్లికి అంటించవు, చాలావరకు మామూలుగానే బతుకుతాయి, ఎప్పుడైనా బాగా నీరసిస్తే అది మళ్ళీ లేవచ్చు. మూడో రకంలో వైరస్ రక్తంలో ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. జబ్బు పడేవి ఎక్కువగా ఈ పిల్లులే. మీది ఏ రకమో ఒక్క గీత చెప్పలేదు. కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయించాలి. ఆ వారాలు గడవడం కష్టమే, ఒప్పుకుంటాను.

‘చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తే దాని బతుకు అది బతుకుతుంది’ అని మావయ్యగారు అన్నారట. చేపల మార్కెట్ అంటే పిల్లులకు స్వర్గమని మనందరి నమ్మకం. ఈ వైరస్ పాకేది ముఖ్యంగా ఉమ్మితో. ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కొట్లాటలో కరుచుకోవడం. తల్లి కడుపులోంచి, పాలలోంచి పిల్లలకూ వెళుతుంది. పెద్దవాటికన్నా పిల్లకూనలకే ప్రమాదం ఎక్కువ. జబ్బు పిల్లిని నలభై పిల్లుల మధ్య దింపితే అది అక్కడ కొట్లాటల్లో బతకదు, మిగతావాటి కూనలనూ బతకనివ్వదు. జంతువును ఆకలిదప్పులకు వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా. చట్టం మాట మాత్రం మావయ్యగారి దగ్గర ఎత్తకు, బీపీ పెరుగుతుంది. కూనల మాట చెప్పు చాలు, నలుగురు మనవలున్న మనిషి కదా.

ఇంట్లో మాత్రం ఈ వైరస్ అంత మొండిది కాదు. గాల్లో ఎగిరి రాదు. ఒంట్లోంచి బయటపడితే కొన్ని గంటల్లో చచ్చిపోతుంది. సబ్బునీళ్ళకు ఆగదు. మీ ఇల్లంతా గోమూత్రం చల్లే పని అత్తయ్యగారు మానుకోవచ్చు.

‘ఎన్నాళ్ళుంటుందక్కా’ అని అడిగావు, సిరా అక్కడ కాస్త అలుక్కుపోయి ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పిల్లుల ఆరోగ్యం కోసమే ఒక కేంద్రం ఉంది. వాళ్ళ లెక్క ప్రకారం జబ్బు తేలాక మధ్యస్థ ఆయువు రెండున్నరేళ్ళు. అంటే సగం పిల్లులు అంతకు ముందే పోతాయి, సగం అది దాటి బతుకుతాయి. కొట్లాటలు లేకుండా, మంచి తిండితో, ఇంట్లో పెరిగే పెద్ద పిల్లికి ఆశ ఎక్కువ. పాలు మరవని కూనకు తక్కువ. ఇదే జబ్బున్న మా పిల్లి బూరె ఆ లెక్క దాటింది. బెల్లం రంగులో గుండ్రంగా ఉండేది, అందుకే ఆ పేరు. ఎంత దాటిందో మాత్రం చెప్పను. చెబితే నువ్వు కేలెండర్లో ఆ తేదీ దగ్గర గీత పెట్టుకుని కూర్చుంటావు, నాకు తెలుసు.

ఇప్పుడు కాపురం సంగతులు. అన్నిటికన్నా ముందు, దాన్ని ఇంటి పట్టునే ఉంచాలి. బయటికి వెళితే ఇంకో పిల్లికి అంటిస్తుంది, అది సగం కారణమే. అంతకంటే పెద్దది, బయటి జబ్బులన్నీ దీనికి చుట్టుకుంటాయి, తట్టుకోలేదు. మన ఇళ్ళేమో తలుపులు తీసిపెట్టుకునే ఇళ్ళు. పనమ్మాయి వస్తే ఒకసారి, పాలవాడు వస్తే ఒకసారి, పెరటి తలుపు రోజంతా బార్లానే. దోమల జాలీ తలుపు వేయించు. అది పిల్లి కోసమని చెప్పకు, డెంగీ కోసమని చెప్పు. బాల్కనీలకు ఈ మధ్య అందరూ పావురాల వల కట్టిస్తున్నారు కదా, ఆ నైలాన్‌ను పిల్లి పళ్ళతో కొరికేస్తుంది, గట్టి ఇనుప జాలీ అయితే ఆగుతుంది. మొదట్లో అది కాలు కాలిన పిల్లిలా గది గదీ తిరుగుతుంది. ఎలాగూ పిల్లే కాబట్టి తిరగనీ. కిటికీ పక్కన ఒక స్టూలు వేసి పెట్టు, వీధి కనబడితే దానికి సగం పొద్దు గడిచిపోతుంది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే వెంటనే డాక్టరును అడుగు. ఎదకు వచ్చిన పిల్లిని ఏ జాలీ ఆపలేదు, రాత్రంతా దాని అరుపులకు కాలనీ మొత్తం లేస్తుంది. రక్తం మరీ తక్కువగా ఉంటే డాక్టరే కొన్నాళ్ళు ఆగమంటారు.

తిండి దగ్గరే మన తెలుగిళ్ళకు అసలు చిక్కు. మీది శాకాహారం ఇల్లు, పెరుగన్నం పెట్టి పెంచుతున్నానన్నావు. ‘మా అమ్మమ్మగారింట్లో పిల్లి పెరుగన్నంతోనే పదేళ్ళు బతికింది’ అని నాకూ ఎందరో చెప్పారు. ఆ పిల్లి మీ అమ్మమ్మగారు చూడని వేళ ధాన్యపు కొట్టులో ఎలుకలు తినేది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పదార్థం తిండిలో అందకపోతే దాని కంటిచూపూ గుండే దెబ్బతింటాయి. అది అన్నంలో లేదు, పప్పులో లేదు. ఇంటి పట్టున ఉంచి ఎలుకల దారి మూసేశాక మనమే దాని కడుపు చూడాలి. వంటింట్లోకి మాంసం రానివ్వరంటే ప్యాకెట్ తిండి పెట్టు. పిల్లులకు పూర్తి ఆహారమని ప్యాకెట్ మీద రాసి ఉన్నది కొను. దాని గిన్నె, దాని చెంచా, దాని డబ్బా పెరటి వరండాలో వేరే గూట్లో పెట్టుకో. మా పెద్దమ్మ కోడలు అలాగే చేస్తుంది, మడి వాళ్ళింట్లో కూడా చెల్లిపోతోంది. పాలు మాత్రం తగ్గించు. చాలా పెద్ద పిల్లులకు పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. బొమ్మల పుస్తకాల్లో పిల్లి ముందు పాలగిన్నె గీసినవాళ్ళకు అది తెలియదు.

మాంసం వండే ఇళ్ళలో ఇంకో అలవాటుంది, అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కూరలోంచి ముక్క తీసి, కుళాయి కింద కడిగి పిల్లికి పెడతారు. కారం పోతుంది సరే, ముక్కలోకి ఇంకిన ఉల్లి, వెల్లుల్లి రసం ఎక్కడికి పోతుంది? ఆ రెండూ పిల్లి ఎర్రరక్తకణాలను చిదిపేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికే అది విషం. కొత్త రక్తం తయారు కాని పిల్లికి చెప్పనే అక్కర్లేదు. అల్లం వెల్లుల్లి పట్టించకముందే దాని వాటా నాలుగు ముక్కలు వేరే గిన్నెలో ఉత్త నీళ్ళతో ఉడికించి తీసెయ్యాలి. ఎముక, ముల్లు లేకుండా. పచ్చి మాంసం, సగం ఉడికిన గుడ్డు, కాచని పాలు దగ్గరికి రానివ్వద్దు. మామూలు పిల్లి అరిగించుకునే క్రిములు దీన్ని మంచాన పడేస్తాయి.

బూరెకు నోట్లో పుండ్లు లేచినప్పుడు గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి, మూతి పెట్టబోయి, నొప్పికి వెనక్కి జరిగేది. ఆకలి ఉంది, తినలేదు. మిక్సీ చిన్న జారులో ఉడికిన చికెన్ వేసి, అది ఉడికిన నీళ్ళే పోసి మెత్తగా తిప్పేదాన్ని. చల్లారితే వాసన రాదు, వాసన రాకపోతే పిల్లి తినదు. అందుకని గిన్నెను వేడినీళ్ళ పళ్ళెంలో పెట్టి గోరువెచ్చగా చేసి, వేలికొసన తీసుకుని దాని పైపెదవికి రాసేదాన్ని. ముందు తల తిప్పుకునేది, మొహం చిట్లించేది. రాసినది వదిలించుకోవడానికి మూతి నాకేది. అలా నాలుగుసార్లయ్యాక కళ్ళు గిన్నె వైపు తిరిగేవి. డాక్టరు ఇచ్చిన నొప్పి మందు పనిచెయ్యడం మొదలయ్యాక తనే నాకడం మొదలుపెట్టింది. పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చెయ్యి. రెండు మూడు రోజులు కడుపు ఎండితే లివరుకు కొవ్వు పట్టి అదొక కొత్త జబ్బవుతుంది. ఆకలేస్తే అదే తింటుందిలే అన్న మాట పిల్లికి చెల్లదు.

మన అలమరల్లో ఉండే విషాలు కూడా చెప్పేస్తాను. జ్వరమొచ్చిందని పారాసిటమాల్ అస్సలు వద్దు. మనం మంచినీళ్ళలా వేసుకునే ఆ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు, దాన్ని అరిగించే శక్తి పిల్లి లివరుకు లేదు. ఫినాయిల్‌తో నేల తుడిస్తే పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, అదీ విషమే. సబ్బునీళ్ళు చాలు. బట్టల బీరువాలో కలరా ఉండలు తీసెయ్, అవి కూడా ఎర్రరక్తకణాల మీదే దెబ్బకొడతాయి. కుక్కల కోసం అమ్మే పురుగు మందు చుక్కలు పిల్లి మెడ మీద వెయ్యద్దు, వాటిలో చాలావాటిలో ఉండే పర్మెత్రిన్ పిల్లికి పడదు. ఒంటి మీద పురుగులు పట్టకుండా చూడటం మాత్రం తప్పనిసరి, అవి రక్తం పీల్చడమే కాదు, రక్తకణాలను తినే ఇంకో ఇన్ఫెక్షనునూ మోసుకొస్తాయి. డాక్టరునడిగి పిల్లులకని ఉన్నదే తెచ్చుకో.

మందులకన్నా ఎక్కువ పని చేసేది నీ కన్ను. ఈ జబ్బులో అసలు సేవంతా ఇదేనని నా నమ్మకం. రోజూ మామూలుగా ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకే తేడా తెలుస్తుంది, డాక్టరుకు ఆ మామూలు తెలియదు. పొద్దున పూట వెలుతురులో ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో పైపెదవి కాస్త ఎత్తు. కోరపన్ను మీద చిగురు గులాబీ రంగులో ఉండాలి. పాలిపోతూ వస్తుంటే రక్తం తగ్గుతోందని. పచ్చబారితే కామెర్లు. పంటి అంచున ఎర్రటి గీత ఉంటే చిగుళ్ళ వాపు మొదలైనట్టు. కొన్ని పిల్లులకు చిగుళ్ళ మీద నల్లమచ్చలుంటాయి, భయపడకు, మచ్చ లేని చోట చూడు.

నిద్రపోతున్నప్పుడు డొక్క ఎగరడం ఒక నిమిషం లెక్కపెట్టు. ముప్ఫైలోపు ఉండాలి. రోజూ ముప్ఫై దాటుతుంటే, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది రేపటిదాకా ఆగే సంగతి కాదు. ఛాతీలో గడ్డ లేచి నీరు చేరినా అలాగే ఉంటుంది. వారానికోసారి బరువు చూడు. పిల్లిని ఎత్తుకుని కాటా ఎక్కి, దింపేసి మళ్ళీ ఎక్కితే తేడా తెలిసిపోతుంది. కూరగాయల సంచి తగిలించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా అయితే ఇంకా కచ్చితం. నాలుగు కిలోల పిల్లి నాలుగొందల గ్రాములు తగ్గిందంటే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు. బొచ్చు కింద అది కంటికి కనబడదు. పాల లెక్క రాసుకునే కేలెండర్ ఉంటుంది కదా, ఆ గడిలోనే పిల్లి బరువూ రాసుకో. కంటిపాపలు రెండూ ఒకే సైజులో ఉన్నాయో లేదో కూడా చూస్తుండు.

డాక్టరు దగ్గరికి ఏ నలతా లేకపోయినా ఆరు నెలలకోసారి వెళ్ళాలి. రక్తకణాల లెక్క, బరువు, పళ్ళు. టీకాల కార్డు ఒకసారి తీసి చూడు. మన దగ్గర మామూలుగా వేసే మూడు జబ్బుల టీకాలో ఉండేది పాన్‌ల్యూకోపీనియా, అది వేరే వైరస్. పేర్లు దగ్గరగా ఉండటంతో ‘టీకా వేయించాం కదా, ఎలా వచ్చింది’ అని చాలామంది డాక్టర్ల మీద పడతారు. ల్యూకేమియాకు టీకా వేరే ఉంది. అమెరికాలో 1985లోనే వచ్చింది, మన ఊళ్ళలో అంత తేలిగ్గా దొరకదు. జబ్బు వచ్చేసిన పిల్లికి దాంతో పనిలేదు, పక్కనున్న నెగటివ్ పిల్లికి పనికొస్తుంది. ఆ మామూలు మూడు జబ్బుల టీకా మాత్రం పాజిటివ్ పిల్లికి కూడా మానిపించకు, ఏ రకం ఎప్పుడు వెయ్యాలో డాక్టరు చూసుకుంటారు. దగ్గర్లో చిన్న జంతువులు బాగా తెలిసినవాళ్ళు లేకపోతే పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. గన్నవరం, తిరుపతి, హైదరాబాద్‌లో రాజేంద్రనగర్.

మందు మాటకొస్తే, మనుషుల ఎయిడ్స్‌కు వాడే జిడోవుడిన్‌ను కొన్ని పిల్లులకు ఇస్తారు. దాన్ని కూడా 1964లోనే తయారుచేశారు, కేన్సర్‌కు పనికొస్తుందేమోనని. నోటి పుండ్లకు కొంత మేలు చేస్తుంది, రక్తహీనతను పెంచే గుణమూ ఉంది. రక్తపరీక్షలు చేసుకుంటూ డాక్టరే ఇవ్వాలి. రక్తం బాగా పడిపోతే ఎక్కించవచ్చు. పిల్లులకూ ఏ, బీ అని గ్రూపులున్నాయి, చూడకుండా ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. బొప్పాయి ఆకు రసం, పసుపు, ఫలానా పొడి అని చెప్పేవాళ్ళు నీకూ ఈపాటికి తగిలే ఉంటారు. నవ్వి ఊరుకో. జబ్బు పిల్లి నోట్లో చేదు పోస్తే అది మర్నాడు నీ చేతి అన్నం కూడా ముట్టదు.

తోడు కోసం ఇంకో పిల్లిని తెద్దామని మీ అమ్మాయి అడుగుతోందన్నావు. వద్దు. నెగటివ్ పిల్లిని తెస్తే దాని ప్రాణాన్ని పందెం కాసినట్టే. ఇంట్లో ఇప్పటికే ఇంకో పిల్లి ఉన్నవాళ్ళు ముందు దానికీ పరీక్ష చేయించి, గిన్నెలు, ట్రేలు, వీలైతే గదులు వేరు చేసుకోవాలి. పాజిటివ్ పిల్లులు రెండుంటే కలిసి ఉండవచ్చు. మీ అమ్మాయికి తోడు పిల్లి బదులు ఒక దారపు ఉండ, రోజూ సాయంత్రం పావుగంట ఆట డ్యూటీ అప్పగించు. ఆట అయ్యాక దారం మాత్రం తీసి దాచెయ్యమను, మింగితే అదో ఆపరేషన్.

ఖర్చు మాట నువ్వు రాయలేదు, సిగ్గుపడి ఉంటావు. సిగ్గెందుకు? నువ్వూ మీ ఆయనా ఇప్పుడే, పిల్లి బాగున్నప్పుడే కూర్చుని ఎంతవరకు పెట్టగలరో మాట్లాడుకోండి. కేన్సర్ వస్తే కీమో చేయిస్తారా, రక్తం ఎన్నిసార్లు ఎక్కిస్తారు, ఎక్కడ ఆగుతారు. ఆసుపత్రి బల్ల ముందు నిలబడి, కళ్ళనీళ్ళతో తీసుకునే నిర్ణయాలు అప్పులపాలు చేస్తాయి, పిల్లికీ మంచి చెయ్యవు. బూరెకు చివర్లో చిగుళ్ళు కాగితంలా అయిపోయాయి. లిట్టర్ దాకా నడవలేక పక్కలోనే తడిపేసుకుని, అది తనకే నచ్చక నా మొహం చూసేది. తినడం, తనను తాను నాక్కోవడం, పిలిస్తే చెవి తిప్పడం, ఈ మూడూ మానేశాక ఇంజెక్షన్‌కు మేం ఒప్పుకున్నాం. మా ఇంట్లో కొందరు అది పాపమన్నారు. నేననుకోను, ఇప్పటికీ అనుకోను. ఊపిరాడక గింజుకుంటుంటే చూస్తూ కూర్చోవడాన్ని పుణ్యమని నన్నెవరూ ఒప్పించలేరు.

నీ పిల్లి ఇంకా ఆ గడప దాపులకు కూడా రాలేదు. గోడెక్కి బల్లిని తరుముతోందని నువ్వే రాశావు. రెండో టెస్టు చేయించి నాకు మళ్ళీ రాయి.

మిగతా అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. వీధిలోంచో స్నేహితురాలింటి నుంచో కూనను తెచ్చుకునేటప్పుడు మెడకు గంట కొనే ముందు ఈ రక్తపరీక్ష చేయించండి. అప్పుడే సోకి ఉంటే మొదటిసారి బయటపడకపోవచ్చు, కాబట్టి కనీసం నెల రోజులు పాత పిల్లికి దూరంగా వేరే గదిలో ఉంచి ఇంకోసారి చేయించండి. మీ ఊరి డాక్టరు దగ్గర కిట్టు లేదంటే తెప్పించమని అడగండి, మొహమాటపడకండి. నలుగురు అడిగితేనే తెప్పించి పెడతారు.